గ్రావెల్ రోడ్డు: ట్రాక్టర్ బ్లేడుతో చదును చేసినా మళ్లీ గుంతలెందుకు?

వానాకాలం ముందు ఊరి దారుల మీద టిప్పర్లతో గ్రావెల్ పోస్తారు. ట్రాక్టర్ డోజర్‌తో అటూ ఇటూ తోసి బల్లపరుపుగా సర్దుతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. నాలుగు పెద్ద వానలు పడేసరికి గుంతలు మళ్లీ అక్కడే తేలతాయి. స్కూల్ ఆటో, 108 వాహనం ఊరి బయటే ఆగిపోతాయి.

తప్పు ఆ ‘బల్లపరుపు’లోనే ఉంది. తెలంగాణలో మొరం అన్నా, కోస్తాలో గ్రావెల్ అన్నా ఈ రోడ్డుకు నీళ్లే మొదటి శత్రువు. నీళ్లు నిలిచిన చోట మట్టి మెత్తబడుతుంది, చక్రం దిగబడుతుంది. అందుకే నడిమి భాగం ఎత్తుగా, అంచులు పల్లంగా ఉండాలి. ఇంజినీర్లు దీన్ని క్యాంబర్ అంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గ్రామీణ రోడ్ల మాన్యువల్ ప్రకారం వానలు ఎక్కువ పడే చోట గ్రావెల్ రోడ్డుకు 4 శాతం వాలు కావాలి. 3.75 మీటర్ల వెడల్పున్న రోడ్డుకు లెక్కగడితే, అంచు కన్నా నడిమి భాగం 7.5 సెంటీమీటర్లు ఎత్తుండాలి. మన పాత కొలతలో బెత్తెడు.

దీనికి మోటార్ గ్రేడరే రానక్కర్లేదు. ముందు తిన్నగా బిగించిన డోజర్ మట్టిని ముందుకే తోస్తుంది. వెనుక హైడ్రాలిక్ లిఫ్టుకు తగిలించే బ్లేడునైతే ఏటవాలుగా తిప్పుకోవచ్చు. రోడ్డుకు ఎడమ సగంలో వెళ్తూ, బ్లేడు ఎడమ కొనను ముందుకు, కాస్త కిందికి ఉంచాలి. చాలా ట్రాక్టర్లలో కుడి లిఫ్ట్ రాడ్‌ను తిప్పి కుడి కొనను పైకి లేపొచ్చు. అప్పుడు అంచుకు చేరిన గ్రావెల్ మళ్లీ నడిమికి వస్తుంది. తిరుగు ప్రయాణంలోనూ ఎడమ పక్కనే వెళ్తారు కాబట్టి అదే అమరికతో రెండో సగం కూడా అయిపోతుంది.

గుంతలో కొత్త మట్టి పోసి పైపైన సర్దితే మొదటి వారంలోనే లేచిపోతుంది. ముందు కల్టివేటర్‌తో గుంత అడుగు దాకా కదిలించాలి. ఆ తర్వాతే బ్లేడు. మనిషి నడక కన్నా కాస్త ఎక్కువ వేగం చాలు. తొందరపడితే బ్లేడు ఎగిరెగిరి పడి, వదిలిద్దామనుకున్న అలలను తానే కొత్తగా చెక్కుతుంది. ఎండిన నేల మీద ఈ పని డీజిల్ దండగ. వాన వెలిసి, మట్టి ముద్దయ్యేంత తేమ ఉండి, చక్రానికి అంటుకోని రోజు చూసుకోవాలి. లేదంటే ట్యాంకరుతో తడపాలి. ఆ తేమ మీదే రోలర్ తిప్పాలి.

చాలామంది పట్టించుకోనిది అంచున మిగిలే సన్నని గట్టు. బ్లేడు వదిలేసిన ఆ గట్టు నీళ్లను పక్క కాలువలోకి పోనివ్వదు. అది ఉంటే క్యాంబర్ ఎంత బాగా తీర్చినా లాభం లేదు.

బిల్లు రాయడానికి టిప్పర్ల లెక్క తేలిక, వాలు లెక్క కాస్త కష్టం. కానీ సర్పంచ్ అయినా, ఊళ్లో ఎవరైనా దాన్ని కొలవొచ్చు. నడిమి ఎత్తుకు ఆనించి, అడ్డంగా సమమట్టంగా తాడు పట్టుకుంటే, అంచు దగ్గర తాడు కింద బెత్తెడు ఖాళీ కనిపించాలి. లేదా వాన కురుస్తుండగా గొడుగేసుకుని వెళ్లి, నీళ్లు చక్రాల గాడి వెంట పారుతున్నాయో, కాలువలోకి దిగుతున్నాయో చూస్తే సరి.