లివర్‌మోర్ గుడి దారిలో చిన్న విమానాలు, వాటి పెట్రోల్లో సీసం

బే ఏరియాలో ఉన్నవాళ్ళం లివర్‌మోర్ శివవిష్ణు ఆలయానికి 580 మీద ఎన్నిసార్లు వెళ్ళి ఉంటామో! డబ్లిన్ దాటి, ఔట్‌లెట్ మాల్ వెనకపడగానే కుడిచేతి వైపు చిన్న చిన్న విమానాలు దిగుతూ కనిపిస్తాయి. అది లివర్‌మోర్ సిటీ సొంత విమానాశ్రయం. మనం టికెట్ కొనుక్కుని ఎక్కే విమానాలు అక్కడికి రావు. ఫ్లయింగ్ నేర్చుకునేవాళ్ళు, సొంత విమానం ఉన్నవాళ్ళు, కొన్ని బిజినెస్ జెట్లు, అంతే. పెద్ద రన్‌వే పొడవు 5,253 అడుగులు. మావాడికి గుడి పులిహోర కన్నా ఆ విమానాలే ఇష్టం.

కిందటేడు ఆ విమానాశ్రయానికి తూర్పున ఒక ఇల్లు చూశాం. ధర, స్కూలు రెండూ నచ్చాయి. చప్పుడు సంగతి ముందే తెలుసు. పొగ మాటేమిటని వెతికాను. బీఎస్సీ కెమిస్ట్రీ ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది.

ఆ చిన్న విమానాల్లో చాలావాటి పెట్రోల్లో ఇప్పటికీ సీసం కలుపుతున్నారు. అమెరికాలో రోడ్డు మీద తిరిగే బళ్ళకు 1996లో, ఇండియాలో 2000లో ఆపేసిన సీసమే. ఆ పెట్రోల్ పేరు 100ఎల్‌ఎల్. ఎల్‌ఎల్ అంటే లో లెడ్. పేరుకే లో, గాలన్‌కు 2 గ్రాముల దాకా ఉండొచ్చు. జెట్లకు ఈ గొడవ లేదు. అవి వాడేది కిరోసిన్ రకం ఇంధనం, అందులో సీసం వేయరు.

పిస్టన్ ఇంజన్లో పెట్రోల్, గాలి మిశ్రమం సమయానికి, వరసగా మండాలి. మంట చేరకముందే ఓ మూల దానంతటదే భగ్గుమంటే ఇంజన్ దెబ్బతింటుంది. టెట్రా ఇథైల్ లెడ్ కొంచెం కలిపితే అలా జరగదు. కారు ఆగితే పక్కకు తీసి టో ట్రక్కును పిలుస్తాం. ఆకాశంలో ఆ వీలు లేదు కదా, అందుకే ఇంధనం మార్చడానికి అంత భయం. సీసం లేని 94 ఆక్టేన్ పెట్రోల్ ఉంది కానీ ఎక్కువ శక్తి గల ఇంజన్లకు చాలదు. 100 ఆక్టేన్‌ది ఒకటి ఎఫ్‌ఏఏ 2022లో ఆమోదించింది. దాంతో పెయింట్ పాడవుతోందని కొందరు విమాన యజమానులు గొడవ చేస్తున్నారు.

సిటీదే కదా, అమ్మకం ఆపేయొచ్చుగా అనుకున్నాను. శాన్ హోసేలో రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయం శాంటా క్లారా కౌంటీది. దగ్గర్లో ఉండే పిల్లల రక్తంలో సీసం ఎక్కువని 2021లో కౌంటీ చేయించిన అధ్యయనంలో తేలింది, 2022 జనవరి 1 నుంచి అమ్మకం ఆపేశారు. ఇప్పుడు మిగతావాళ్ళకు అంత సులువు కాదు. 2022లో అది అమ్మిన విమానాశ్రయాలు, సరైన ప్రత్యామ్నాయం వచ్చేదాకా లేదా 2030 చివరిదాకా అమ్మకాన్ని అడ్డుకోకూడదని 2024లో ఫెడరల్ చట్టం వచ్చింది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం 2031 జనవరి 1 నుంచి పూర్తిగా నిషేధం. మావాడికి ఇప్పుడు ఆరేళ్ళు, లెక్క మీరే వేసుకోండి.

లివర్‌మోర్‌లో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. విమానాలు గాలికి ఎదురుగా లేవాలి కాబట్టి తూర్పు చివర నిలబడి ఇంజన్ పరీక్షించుకుంటాయి. ఆ పొగ ఇంకా తూర్పుకే పోతుంది. ఆ ఇల్లు వదిలేశాం.

పిల్లల డాక్టర్ని అడిగి మావాడికి రక్తపరీక్ష చేయించాను. సీడీసీ చెప్పే 3.5 మైక్రోగ్రాముల హద్దు కన్నా తక్కువే వచ్చింది. ఆవిడ విమానాల గురించి తర్వాత అడిగింది. ముందడిగింది ఇల్లు 1978 కన్నా పాతదా, గోడల పెయింట్ లేస్తోందా, ఇండియా నుంచి విడి పసుపు, కుంకుమ తెచ్చుకుంటారా అని.