కారుషెడ్డున సంగీతశాల: ధ్వనినిరోధ విచారము

చెన్నపట్టణము, బెంగుళూరు వంటి నగరములందు తరతరములుగ కాపురమున్న తెలుగు కుటుంబములలో సంగీతసాధనకు గల స్థానము చిన్నది కాదు. తిరువయ్యారున నివసించి తెలుగున కృతులు రచించిన త్యాగరాజస్వామి (1767–1847) కీర్తనలు ఆ ప్రాంతములందు భాషాభేదము లేక నేటికిని అభ్యసింపబడుచున్నవి. కాని పూర్వము పెరటి వసారాలో సాగిన అభ్యాసమునకు నేడు చోటు కరువైనది. ఇంటికి ఇల్లు ఆనుకొనిన వీధిలో తెల్లవారుజామున మృదంగము మ్రోగినచో పొరుగువారి నిద్ర చెడును. పొరుగువారు అభ్యంతరము చెప్పినచో పిల్లవాని సాధన చెడును. ఈ చిక్కునకు పలువురు ఎన్నుకొను ఉపాయము కారుషెడ్డు. కారు ఆవరణలో ఎండకు నిలుచును. షెడ్డు సంగీతశాల యగును.

ఈ మార్పునకై వెచ్చించు ధనములో చాల భాగము తప్పుచోట వ్యయమగుట కలదు. వేర్వేరైన రెండు పనులను ఒకటిగ భావించుటయే దీనికి కారణము. గదిలోని నాదమును బయటకు పోనీయకుండుట ఒక పని. లోపల నాదము గోడలనుండి మరలివచ్చి కలగాపులగము కాకుండ చూచుట మరియొక పని. మొదటిది ధ్వనినిరోధము, రెండవది ధ్వనిశోషణము. కోడిగ్రుడ్ల అట్టలును ఫోము పలకలును గోడలకు అంటించువారు రెండవ పనిని అరకొరగ చేసి, మొదటిది నెరవేరినదని నమ్ముదురు. ఫోము తేలిక వస్తువు. దాని రంధ్రములగుండ గాలి ఆడును. గాలి ఆడినచోట ధ్వనియు పోవును. పైగా కాగితపు అట్టలు, చవుకరకపు ఫోము సులభముగ నిప్పంటుకొనును. ఒకే ద్వారముగల గదిలో ఇది ప్రాణాపాయమే.

ఎంతమాత్రము ధ్వని ఆపవలెనో ముందు తెలియవలెను. భారతప్రభుత్వపు 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము నివాసప్రాంతములందు పగలు 55, రాత్రి 10 మొదలు ఉదయము 6 గంటల వరకు 45 డెసిబెల్లులు పరిమితి. గదిలో మృదంగాభ్యాసము 90 డెసిబెల్లుల వరకు పోయిన దనుకొన్నచో, రాత్రివేళ కనీసము 45 డెసిబెల్లులు గోడలలోనే ఆగిపోవలెను. డెసిబెల్లులు మామూలు కూడికలకు లొంగవు. 10 డెసిబెల్లులు తగ్గుట యనగా శక్తిలో పదవవంతు మాత్రమే మిగులుట. చెవికి మాత్రము అది సుమారు సగమైనట్లు తోచును.

ఇరువైపుల గచ్చుపూసిన 9 అంగుళముల ఇటుకగోడ సుమారు 50 డెసిబెల్లులు ఆపగలదు. అందుచే గోడలు చాలునని తోచును. కాని షెడ్డునకు ముందుభాగమున ఇనుప షట్టరు గలదు. పలుచని రేకును, చుట్టును సందులును గల షట్టరు 20 డెసిబెల్లులు ఆపిన అదియే ఎక్కువ. 3 మీటర్ల వెడల్పు, 5.5 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు గల షెడ్డులో గోడలు, కప్పు కలిసిన వైశాల్యమున షట్టరు పదింట ఒక పాలునకు మించదు. అయినను ఆ ఒక్క పాలు మూలముగ మొత్తము నిరోధము 30 డెసిబెల్లులకు పడిపోవును. మిగిలిన గోడలను రాతికోటగ కట్టినను ఫలిత మదియే. తూము తెరచియుంచి చెరువుగట్టు ఎత్తుచేసిన చందము. కావున మొదటి వ్యయము షట్టరుపైననే జరుగవలెను. చూపులకై షట్టరు నుంచుకొనదలచినవారు దాని వెనుక ఇటుకగోడ కట్టవలసినదే.

సందులమాట ఇంకను విచిత్రము. గోడ వైశాల్యములో నూటికొక పాలు తెరచియున్నచో, ఎంత గొప్పగోడయైనను 20 డెసిబెల్లులకు మించి ఆపజాలదు. తలుపుక్రింది బెత్తెడు సందు, విద్యుత్తు తీగెలకై పొడిచిన రంధ్రము, కప్పునకు గోడకు నడిమి నెఱియ, ఇవి చేయు నష్టము కంటికి కనబడదు. తలుపు బోలుది కాక గట్టికొయ్యదై యుండవలెను. చుట్టును రబ్బరు పట్టీలు బిగియవలెను. వీలైనచోట ఒకదాని వెనుక ఒకటిగ రెండు తలుపులు, నడుమ చిన్న గడి యుంచుట ఉత్తమము. రేకుకప్పు షెడ్లవారికి కష్టము రెండింతలు. చెన్నపట్టణమున ఈశాన్యఋతుపవనపు వాన కురిసినపుడు లోపలి పాట బయటకు పోవుట యటుంచి, బయటి వానయే లోపల వాయించును. అట్టి కప్పును మార్చుటయో, దానిక్రింద బరువైన మరొక కప్పు కట్టుటయో తప్పదు.

బరువు పెంచినకొలది నిరోధము పెరుగును. కాని బరువు రెట్టింపైనపుడు లాభము 6 డెసిబెల్లులే. ఇటుకపై ఇటుక పేర్చుచు పోవుట అందుచే దండుగ. పాతగోడకు తాకని రెండవపొరను వేరుగ నిలిపి, నడుమ గాలియెడ ముంచుట మేలు. ఇచ్చట ఒక ప్రమాదము గలదు. రెండు పొరలును నడిమి గాలియు కలిసి స్ప్రింగువలె ఊగును. ఆ సహజకంపనమునకు సమీపమైన స్వరము ఆగుటకు బదులు తేలికగ దాటును. చదరపు మీటరుకు 10 కిలోల బరువుగల ఒంటి జిప్సం బోర్డును ఇటుకగోడకు 1 సెంటీమీటరు ఎడమున బిగించినచో ఆ కంపనము 190 హెర్ట్జుల చేరువ నుండును. గాయకుని మంద్రస్వరములు అచ్చటనే యుండును! బోర్డులు రెండు కలిపి, ఎడము 10 సెంటీమీటర్లు చేసి, అందు రాక్‌వూల్ నింపినచో అది 50 హెర్ట్జుల లోపునకు దిగిపోవును. చట్రమునకు కొయ్యకంటె ఇనుపపట్టీలు నయము, చెదలభయము లేదు. ఒక్క పొడవాటి మేకు రెండు పొరలను కలిపినను ధ్వనికి వంతెన యగును. పనివారిప్రక్క నిలిచి చూచుకొనవలసిన ఘట్టమిది.

ఇక లోపలి నాదవిషయము. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున, క్రొత్తగ కట్టిన ఫాగ్ కళాశాలలోని ఉపన్యాసమందిరమున వక్తల మాట స్పష్టముగ వినబడదాయెను. దానిని సరిచేయు పని వాలెస్ సాబిన్ అను యువకుడైన భౌతికశాస్త్రోపాధ్యాయునకు అప్పగించిరి. అతడు సమీపమందలి సాండర్స్ నాటకశాలనుండి పీఠముల మెత్తలను రాత్రులందు తెప్పించి, ఆర్గన్ గొట్టపు నాదము ఆపిన పిదప ఎంతసేపు నిలుచునో కొలిచెను. మెత్తలు పెరిగినకొలది అనురణనము తగ్గెను. దానినుండి వెలసిన సూత్రము నేటికిని చాలును: గది ఘనపరిమాణమును 0.161చే గుణించి, మొత్తము శోషణచే భాగింపవలెను. పైని చెప్పిన షెడ్డులో నున్నటి గచ్చుమాత్రమే యున్నచో నాదము సుమారు 3 సెకండ్లు నిలుచును. దానిని 0.4 సెకండునకు దింపుటకు 20 చదరపు మీటర్ల పూర్ణశోషణ కావలెను. గుడ్డకప్పిన రాక్‌వూల్ పలకలు ఇందుకు తగినవి. జంపకానా తారస్వరములను మాత్రమే మ్రింగును. 100 హెర్ట్జుల నాదపు తరంగదైర్ఘ్యము 3.4 మీటర్లు, అంగుళపు ఫోము దానిని పట్టజాలదు. మూలలందు మందమైన పలకలుంచినచో మృదంగపు గంభీరనాదము సర్దుకొనును.

సందులన్నియు మూసిన గదిలో ఊపిరిమాట మరువరాదు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరచి త్రిప్పును, క్రొత్తగాలి తేదు. నలుగురు కూర్చున్న గంటలో తలనొప్పియు మాంద్యమును పుట్టుట దీనిచేతనే. లోపల రాక్‌వూల్ పొదిగిన వంకరటింకర గొట్టములు రెండు, ఒకటి గాలి వచ్చుటకు, ఒకటి పోవుటకు, అమర్చి సన్నని ఫ్యాను పెట్టినచో గాలి చొచ్చును, ధ్వని మలుపులందు క్షీణించును. కరెంటు పోయినపుడు వాడు జనరేటరును మాత్రము ఆ గొట్టము చేరువకు రానీయరాదు. దాని పొగయందలి కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు. అపార్టుమెంటులలో కార్లు నిలుపు చోటు ఉమ్మడిది; దానిని మూసి గది చేయుటకు తక్కినవారి సమ్మతియు పురపాలక సంఘపు అనుమతియు లేక పూనుకొనరాదు.

పని ముగిసిన పిదప పరీక్ష సులభము. పగటివేళ లోపల దీపము లార్పి పావుగంట నిలిచినచో, వెలుతురు చొచ్చు ప్రతి సందును తానై కనబడును. వానిని పుట్టీతో మూయవలెను. రాత్రి వీధి సద్దుమణిగిన పిదప ఒకరు లోపల వాయింపగా, మరొకరు పొరుగువారి అనుమతితో వారి పడకగది కిటికీకడ నిలిచి వినవలెను. అచ్చట తాళగతి తెలియుచున్నచో తలుపుక్రింది రబ్బరు పట్టీని మరల సరిచూడవలసి యున్నది.