కెమెరా ఫోటోలను లైనక్సు కంప్యూటరులోనికి చేర్చు విధానము



మక్క చేనిలో సుడి ఆకులు చిల్లులు పడి, రంపపు పొట్టు వంటి పురుగు విసర్జన కనబడినదనుకొనుడు. అది కత్తెర పురుగా, కాండము తొలుచు పురుగా అని తేల్చుకొనకుండ మందు కొట్టుట డబ్బు గాలిలో కలుపుటయే. కత్తెర పురుగు మన దేశమున మొదట 2018లో కర్ణాటకలో కనబడి, ఆ యేడే మన తెలంగాణ చేలకును వచ్చినది. దాని తలపై తిరగవేసిన ఆంగ్ల 'వై' అక్షరము వంటి లేత రంగు గీత ఉండును. తోక వైపున ఒక కణుపు మీద నాలుగు నల్లని చుక్కలు చదరముగా ఉండును. ఈ రెండు గుర్తులు కనబడినచో ఇక సందేహము లేదు. వెచ్చని రోజులలో ఈ పురుగు లద్దె దశ సుమారు రెండు వారములు మాత్రమే. పిల్ల పురుగులుగా ఉన్నప్పుడు అదుపు చేయుట సులభము. పెరిగి సుడిలోనికి దూరిన పిమ్మట మందు దానిని తాకదు. కావున గుర్తింపునకు వారము దినములు ఆలస్యమైనచో సగము కాలము గడచిపోయినట్లే.

పురుగును డబ్బాలో పెట్టుకొని ఇబ్రహీంపూర్ నుండి తోర్నాల పరిశోధన స్థానము వరకు ప్రతిసారి పోనక్కరలేదు. గుర్తులు స్పష్టముగా తెలియు ఫోటో ఒకటి చేరినను శాస్త్రజ్ఞులు చెప్పగలరు. ఫోను గలవారు ఫోనుతోనే తీయుదురు, అది మంచిదే. అయితే పెండ్లికో యాత్రకో కొన్న చిన్న డిజిటల్ కెమెరాలు అనేక ఇండ్లలో బీరువాలలో పడియున్నవి. వాటిలో పువ్వు బొమ్మ గల మాక్రో అమరిక పెట్టినచో వేలెడు పురుగు తలను కూడ చక్కగా పట్టును. చిక్కు అంతయు ఆ తరువాత వచ్చును. కెమెరాలోని ఫోటో కంప్యూటరులోనికి ఎట్లు పోవలెను? అందును ఆ కంప్యూటరులో అందరికి అలవాటైన విండోస్ గాక లైనక్సు ఉన్నచో?

లైనక్సు అనగా ఏమో కొంచెము చెప్పుకొందము. కంప్యూటరును నడిపించు మూల వ్యవస్థలు పలు విధములు. వాటిలో లైనక్సు 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది. ధర లేదు, ఎవరైనను వాడుకొని పంచుకొనవచ్చును. మన ప్రభుత్వ సంస్థయైన సి-డాక్ 2007లో బాస్ అను పేర దీనిని విడుదల చేసినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ 2005 నుండి తెలుగులో కనబడునట్లు తీర్చుచు వచ్చినది. కేరళలో సర్కారు బడుల కంప్యూటర్లు దీనితోనే నడచుచున్నవి. క్రొత్త విండోస్ మోయలేని పాత కంప్యూటరు పారవేయక దీనితో మరి కొన్నేండ్లు నడుపుకొనవచ్చును. అందుచేత బడులలోను, గ్రంథాలయములలోను, ఇండ్లలోను ఇది అక్కడక్కడ తగులుచుండును. "కెమెరాతో వచ్చిన సీడీ దీనిలో పనిచేయదు, కావున ఫోటోలు రావు" అని చేతులెత్తివేయువారు కలరు. ఆ సీడీతో మనకు పనియే లేదు.

ఇక విషయమునకు వత్తము. 2016లో పెద్ద నోట్ల రద్దు తరువాత నగదు లేకుండ కార్డులతో లావాదేవీలు జరుపు గ్రామముగా పేరు పొందిన ఇబ్రహీంపూరులో కార్డు అనగా ఏమో ఎవరికిని చెప్పనక్కరలేదు. అయితే ఇది వేరొక కార్డు. కెమెరా అడుగున బ్యాటరీ ప్రక్కన తపాలా బిళ్లంత ఎస్‌డీ కార్డు ఉండును. ఫోటోలన్నియు దానిలోనే ఉండును. వాటిని తెచ్చుకొనుటకు రెండు దారులు: కెమెరానే తీగతో కంప్యూటరునకు కలుపుట ఒకటి, కార్డును బయటకు తీసి కార్డు రీడరులో పెట్టుట రెండవది. నా మట్టుకు రెండవ దారియే మేలని చెప్పుదును. కెమెరా బ్యాటరీ ఖర్చు కాదు, మధ్యలో కెమెరా ఆరిపోవునను భయము లేదు, అన్ని కెమెరాలకు ఒకే పద్ధతి. రీడరు ఖరీదు కూడ ఒక పురుగుమందు సీసా ఖరీదు కంటె తక్కువ.

తీగతోనే కలుపదలచినచో ఒక సంగతి తెలిసియుండవలెను. చాల కెమెరాలు కంప్యూటరునకు పెట్టెవలె కనబడవు. పీటీపీ అను ఒక మాట తీరులో మాత్రమే బదులు చెప్పును. లైనక్సులో జీఫోటో అను సామగ్రి ఆ భాషను ఎరుగును. 2,000 పైచిలుకు కెమెరా రకములతో అది మాట్లాడగలదు. బాస్ వంటి వాటిలో ఇది సాధారణముగా ముందే అమర్చియుండును. కెమెరాను కలిపి, ఫోటోలు చూచు మీటపై ఉంచి, ఆన్ చేయవలెను. ఫైళ్ల కిటికీలో ప్రక్కన కెమెరా పేరు కనబడును. షాట్‌వెల్ అను ఫోటోల ప్రోగ్రాము తెరచినప్పుడు కెమెరాను ఇంకొక ప్రోగ్రాము పట్టుకొనియున్నదని సందేశము వచ్చినచో గాబరా పడవలదు. ఒకే కాడికి ఇద్దరు చేయి వేసినట్లు ఫైళ్ల కిటికీయు షాట్‌వెల్లును ఒకేసారి కెమెరాను పట్టుకొన్నవన్నమాట. ఫైళ్ల కిటికీలో కెమెరా పేరు ప్రక్క నున్న ఎజెక్ట్ గుర్తును నొక్కి వదలించినచో షాట్‌వెల్ తన పని చేసికొనును. కెమెరా పేరు అసలే కనబడకున్నచో మొదట తీగను మార్చి చూడవలెను. కొన్ని తీగలలో చార్జింగుకు కావలసిన తంత్రులు మాత్రమే ఉండును, ఫోటోలు వాటిలో నడువవు.

కార్డును రీడరులో పెట్టుటకు ముందు దాని ఎడమ అంచున నున్న చిన్న జారుడు మీటను 'లాక్' వైపునకు త్రోయవలెను. అప్పుడు కంప్యూటరు కార్డును చదువగలదే గాని దానిపై వ్రాయలేదు, తుడువలేదు. పొరపాటున చేయి జారినను ఫోటోలు పోవు. ఇంత చిన్న మీట ఎందులకని చాలమంది దానిని పట్టించుకొనరు. తిరిగి కెమెరాలో పెట్టునప్పుడు మీటను మరల యథాస్థానమునకు తేవలెను, లేకున్న కెమెరా ఫోటో తీయదు.

కార్డు పెట్టిన వెంటనే దాని పేరుతో ఒక కిటికీ తెరచుకొనును. లోపల డీసీఐఎం అను ఫోల్డరు ఉండును. ఏ కంపెనీ కెమెరా అయినను ఇదే పేరు, ఎందుకనగా తయారీదారులందరు ఒక ఒప్పందమునకు కట్టుబడియున్నారు. దాని లోపల 100తో మొదలగు పేరు గల ఫోల్డరు, అందులో నాలుగు అక్షరములు నాలుగు అంకెలు గల పేర్లతో ఫోటోలు వరుసగా ఉండును.

కొన్ని కార్డులు అసలు తెరచుకొనవు. కార్డుపై వ్రాసిన పరిమాణమును చూడుడు. 2 జీబీ వరకు పాత రకము, 4 నుండి 32 జీబీ వరకు ఎస్‌డీహెచ్‌సీ, అంతకు పైబడినవి ఎస్‌డీఎక్స్‌సీ. బహు పాత రీడర్లు మొదటి రకమును మాత్రమే చదువును, వాటిని మార్చవలసినదే. 64 జీబీ కార్డులో కెమెరా ఎక్స్‌ఫాట్ అను పద్ధతిలో ఫోటోలను పేర్చును. లైనక్సు మూల భాగమునకు ఈ పద్ధతి 2019 చివర వచ్చిన 5.4 సంచికతో అబ్బినది, 2020లో వచ్చిన 5.7తో బాగుగా కుదిరినది. అంతకు ముందటి లైనక్సు ఉన్న కంప్యూటరులో ఎక్స్‌ఫాట్ సామగ్రిని వేరుగా చేర్చుకొనవలెను. లేదా 32 జీబీ, అంతకు తక్కువ కార్డులనే వాడవలెను. ఫోటో ఒక్కంటికి 5 ఎంబీ చొప్పున వేసికొన్నను 32 జీబీలో 6,000 పైగా పట్టును. ఒక వానకాలమునకు అంతకంటె ఏమి కావలెను? కార్డు తెరచుకొననప్పుడు "ఫార్మాట్ చేయుదునా" అని ఏ కంప్యూటరు అడిగినను ఒప్పుకొనరాదు. ఒప్పుకొన్నచో నిండు గుమ్మిని ఊడ్చి అలికినట్లగును.

ఇక నకలు తీయు సంగతి. ముందుగా కంప్యూటరులో ఫోటోల ఫోల్డరు లోపల ఆ నాటి తేదీతో ఒక క్రొత్త ఫోల్డరు చేయవలెను. సంవత్సరము, నెల, దినము ఈ వరుసలో 2025-07-18 అని పెట్టినచో ఫోల్డర్లు వాటంతట అవే కాలక్రమమున నిలుచును. తేదీ తరువాత 'మక్క' అనియో 'పత్తి' అనియో తెలుగులోనే వ్రాయవచ్చును, లైనక్సునకు తెలుగు పేర్లు అభ్యంతరము కావు. ప్రతిసారి వేరు ఫోల్డరు ఎందులకనగా, కెమెరా అంకెలు 9999 వరకు పోయి మరల 0001కి వచ్చును. కొన్ని కెమెరాలు కార్డు మార్చినప్పుడెల్ల 0001తోనే మొదలుపెట్టును. పాత ఫోటోలున్న ఫోల్డరులోనే క్రొత్తవి పోసి, "అదే పేరు గలది ఉన్నది, మార్చుదునా" అని అడిగినప్పుడు ఆలోచింపక ఔననినచో పోయిన యేటి ఫోటో మాయమై దాని స్థానమున ఈ యేటిది కూర్చుండును.

డీసీఐఎం లోని ఫోటోలన్నిటిని ఎంచుకొని 'కాపీ' అనవలెను. 'కట్' అనరాదు. కట్ చేసినచో ఇక్కడ తీసి అక్కడ పెట్టుట ఒకేసారి జరుగును. మధ్యలో కరెంటు పోయినచో ఏది ఎక్కడ నిలిచినదో తెలియదు. మన గ్రామములలో ఇది ఊహ మాత్రము కాదు. క్రొత్త గుమ్మిలో ధాన్యము పోసి, బస్తాలు లెక్కచూచుకొన్న తరువాతనే కదా పాత గుమ్మిని దులుపుదుము. నకలు పూర్తియైన పిమ్మట కార్డులో ఎన్ని ఫైళ్లు, ఎంత పరిమాణము, కంప్యూటరులో ఎన్ని, ఎంత అని 'గుణములు' అను చోట చూచి పోల్చవలెను. రెండును సరిపోవలెను. పిదప మూడు నాలుగు ఫోటోలు తెరచి పూర్తిగా కనబడుచున్నవో లేదో చూడవలెను. ముఖ్యమైన ఫోటోలను వేరొక పెన్ డ్రైవులో కూడ ఉంచుకొన్నచో కంప్యూటరు చెడినను చింత లేదు.

ఆ పెన్ డ్రైవు విషయములో ఒక హెచ్చరిక. లైనక్సు పని వేగముగా సాగుటకై వ్రాయవలసినదానిని కొంతసేపు తన జ్ఞాపకములో ఉంచుకొని తరువాత వ్రాయును. తెరపై గీత చివరి వరకు పోయి "అయినది" అనిపించినను లోపల ఇంకను వ్రాయుచునే ఉండవచ్చును. అప్పుడు లాగివేసినచో తోర్నాలకు పోయిన తరువాత సగము ఫోటో బూడిద రంగుగా కనబడును. పేరు ప్రక్క నున్న ఎజెక్ట్ గుర్తును నొక్కి, తీయవచ్చునను మాట వచ్చు వరకు ఆగవలెను.

తేదీ గూర్చి కొంచెము శ్రద్ధ అవసరము. వడగండ్ల వాన కురిసి పంట నేలకొరిగినప్పుడు తీసిన ఫోటోకు తేదీయే ప్రాణము. క్షేత్ర పరిశీలనకు ఫోటో బదులు కాదు గాని, అధికారి వచ్చునప్పటికి నీరు తీసి, చేను కొంత లేచియుండును గనుక తొలి నాటి స్థితిని చూపుటకు ఫోటో పనికివచ్చును. ప్రతి ఫోటో లోపల తీసిన తేదీ, వేళ దాగియుండును. దీనిని ఎగ్జిఫ్ అందురు. ఇది కెమెరా గడియారము చెప్పిన మాట మాత్రమే. చాల కాలము బ్యాటరీ లేక పడియున్న కెమెరా తన తేదీని మరచి మొదటికి పోవును. బీరువాలోనుండి తీసిన నాడే తేదీ సరిచేయవలెను. కంప్యూటరు ఫైలు ప్రక్కన చూపు వేళ వేరు, ఫోటో లోపలి వేళ వేరు. కార్డు పాత పద్ధతిలో ఏ దేశపు వేళయో వ్రాసియుండదు గనుక కొన్ని లైనక్సు కంప్యూటర్లలో సరిగా 5½ గంటల తేడా కనబడును. అది గ్రీన్‌విచ్ వేళకు మన వేళకు గల తేడాయే, ఫోటోలో దోషము కాదు. ఫోటోపై కుడి మీట నొక్కి గుణములలో 'చిత్రము' భాగము చూచినచో లోపలి తేదీ తెలియును, దానినే ప్రమాణముగా తీసికొనవలెను.

శాస్త్రజ్ఞునకు పంపునప్పుడు వందల ఫోటోలు అక్కరలేదు. మొక్క మొత్తము కనబడునది ఒకటి, దెబ్బతిన్న ఆకు ఒకటి, పురుగు తలయు తోకయు తెలియునది ఒకటి, ప్రక్కన రూపాయి బిళ్ల ఉంచి తీసినచో పరిమాణము తెలియును. వాట్సాప్‌లో ఫోటోగా పంపినచో అది ఫోటోను నలిపి చిన్నది చేయును, లోపలి తేదీని కూడ తీసివేయును. తలపై గీత అట్లే చెరగిపోవును. అదే వాట్సాప్‌లో 'డాక్యుమెంట్' అను దారిన పంపినచో ఉన్నది ఉన్నట్లు చేరును. ఈ ఒక్క భేదము చాలమందికి తెలియదు.

పొరపాటున ఫోటోలు తుడిచివేసినను వెంటనే ఆశ వదలుకొననక్కరలేదు. తుడుచుట అనగా చిట్టాలో పేరు కొట్టివేయుట మాత్రమే. ఆ చోట క్రొత్త ఫోటో పడు వరకు పాతది అక్కడనే ఉండును. కావున ఆ క్షణమునుండి ఆ కార్డుతో ఒక్క ఫోటో కూడ తీయరాదు. మీటను లాక్ చేసి, లైనక్సులో ఉచితముగా దొరకు ఫోటోరెక్ అను ప్రోగ్రాముతో వెదకవలెను. దొరకిన ఫోటోలను అదే కార్డులో గాక కంప్యూటరులో దాచవలెను. పాత పేర్లు తిరిగి రావు, ఫోటోలు మాత్రము చాల వరకు వచ్చును. షాట్‌వెల్ దిగుమతి ముగించిన పిమ్మట "కెమెరాలోని ఫోటోలు తీసివేయుదునా, ఉంచుదునా" అని అడుగును. అప్పుడు 'ఉంచు' అనుటయే క్షేమము.

కార్డు ఖాళీ చేయు పని అన్నిటికి చివరది. రెండు చోట్ల నకళ్లు ఉన్నవని చూచుకొన్న తరువాత, కార్డును ఎజెక్ట్ చేసి, లాక్ మీట వెనుకకు త్రోసి, కెమెరాలో పెట్టి, కెమెరా పట్టికలోనే 'ఫార్మాట్' చేయవలెను. కంప్యూటరులో చేసినచో కెమెరాకు నచ్చని పద్ధతిలో కార్డు సిద్ధమగుటకు అవకాశము ఉన్నది. తరువాత బ్యాటరీ నింపి, తేదీ మరొకసారి చూచి, కెమెరాను చేతికందు చోట ఉంచవలెను.