నీటి అంచున ఊరిపేర్లు

దక్షిణ అమెరికా పడమటి అంచున ఆండీస్ అను మహాపర్వతశ్రేణి కలదు. ఆ కొండలలో నివసించువారిలో పెక్కుమంది కెచువా అను భాష మాటాడుదురు. వారు తమ కొండలకును కొలనులకును పెట్టుకొన్న పేర్లు మిక్కిలి తేటయైనవి. సరస్సును వారు ‘కోచా’ అందురు. నల్లని సరస్సు ‘యానాకోచా’. పెరూదేశములో అంకాష్ ప్రాంతమువారు మంచు కప్పిన శిఖరమును ‘రాహు’ అందురు. మన రాహుగ్రహముతో దానికెట్టి చుట్టరికమును లేదు. ఎఱ్ఱని శిఖరమైనచో అది ‘పుకారాహు’. ఇక సముద్రమును వారు ‘మామాకోచా’ అందురు. అనగా తల్లి సరస్సు. కొండల నడుమ పుట్టినవారు సముద్రమును కూడ తమకు తెలిసిన సరస్సుతోనే కొలిచిరన్నమాట.

ఇంత దూరపు సంగతి మనకేల యని శ్రోతలు అడుగవచ్చును. గుడివాడ నుండి బందరుకును, బందరు నుండి అవనిగడ్డకును ప్రయాణము చేసినవారికి ఒక్క కొండయైనను కానరాదు. చూచినంతమేర వరిచేలు, తాటిచెట్లు, కాలువగట్లు. అయినను ఈ నేలమీద ఊరిపేర్లు పెట్టినవారు కూడ ఆండీసువాసులు చేసిన పనినే చేసిరి. వారు ఎత్తును చూచిరి, నీటిని చూచిరి, ఆ రెంటికిని పేరు పెట్టిరి. భేదమంతయు కొలతలోనే యున్నది. అచ్చట శిఖరము వేల అడుగుల ఎత్తు; ఇచ్చట రెండు మూడు మూరల ఎత్తే శిఖరము.

మొదట ఎత్తును గూర్చిన మాటలు చూతము. గడ్డ, దిబ్బ, తిప్ప, మిట్ట అను నాలుగును మెరకను తెలుపునవే. అవనిగడ్డ, పులిగడ్డ అను పేర్ల చివర నున్నది నీటి ఒడ్డున లేచిన గడ్డయే. హంసలదీవి సమీపమున పాలకాయతిప్ప యున్నది. నాగాయలంకకు దిగువ, నదీముఖమున, పడవమీదనే చేరదగిన ఈలచెట్లదిబ్బ యున్నది. ఒకప్పుడు అటువైపు పడవలో పోవుచు, కనులెదుట సమతలమే తప్ప మరేమియు కానరాక, “దిబ్బ ఎక్కడయ్యా?” అని పడవవానిని అడిగితిని. అతడు నవ్వి, “పోటు వచ్చినప్పుడు చూడండి బాబుగారూ, అగపడుతుంది” అనెను. ఈ సీమ ఊరిపేర్లను గూర్చి నేను విన్న వ్యాఖ్యలలో ఇంతకంటె చక్కనిది లేదు. ఆ దిబ్బ కంటికి కానరాదు. చుట్టును నీరు లేచి, అది ఒక్కటి మునుగక నిలిచినపుడే దాని ఎత్తు తెలియును. అట్టి ఎత్తును చూచి పేరు పెట్టినవారు ఎన్ని పోటులను కనిపెట్టియుందురో ఊహింపవచ్చును.

ఇక నీటి మాటలు. ఈ సీమలో ఏరు అను మాట అడుగడుగునను వినవచ్చును. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఉప్పుటేరు. విచిత్రమేమనగా కొల్లేరు పేరు చివరను ఏరే యున్నది. కాని అది పారు నీరు కాదు, నిలుచు నీరు. బుడమేరును తమ్మిలేరును తెచ్చిన నీటిని అది పట్టి యుంచి, ఉప్పుటేటి మార్గమున సుమారు 60 కిలోమీటర్ల దూరమందున్న సముద్రమునకు పంపును. సముద్రపు పోటు ఎగదట్టినపుడు ఆ ఏటి నీరు ఉప్పనగును గనుక ఉప్పుటేరు. ఇంత సంగతి చెప్పుటకు ఆ పేరు తప్ప వేరు పాఠము అక్కరలేదు.

కొల్లేటి నడుమ నున్న మెరకలు లంకలు. గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక, కోమటిలంక మున్నగునవి అట్టివి. లంక యనగానే మనకు రావణుడు జ్ఞప్తికి వచ్చును గాని, తెలుగు రైతునకు లంక యనగా నీటినడుమ నున్న భూమి, అంతియే. 2006లో కొల్లేటిలోని చేపలచెరువులను తొలగించినపుడు ప్రభుత్వము అయిదవ కాంటూరు అను రేఖను హద్దుగా తీసికొన్నది. కాంటూరు అనగా సముద్రమట్టము కంటె ఒకే ఎత్తున నున్న చోటులను కలుపు గీత. సర్వే ఉద్యోగి పరికరముతో గుర్తించు ఆ ఎత్తును పూర్వులు లంక యను రెండక్షరములలో గుర్తించిరి.

దివిసీమ పేరును ఇట్టిదే. కృష్ణానది పులిగడ్డ కడ రెండుగా చీలి, ఒక పాయ హంసలదీవి వైపు పోవును. ప్రధానమైన పాయ దక్షిణముగా సాగును. ఆ పాయల నడుమను, సముద్రపు ఒడ్డునను ఉన్న భూమి దీవి గనుక దివి యైనది. ఈ పేరు నిన్న మొన్నటిది కాదు. 13వ శతాబ్దిలో కాకతీయ గణపతిదేవుడు దివిని జయించి, అచ్చటి అయ్యవంశపు ఆడుపడుచులైన నారాంబను పేరాంబను వివాహమాడెను. వారి సోదరుడే నృత్తరత్నావళిని రచించిన జాయప సేనాని. పాపుల మాలిన్యముచే కాకిరూపము దాల్చిన గంగ, కృష్ణాసాగరసంగమమున మునిగి హంసయైనదని హంసలదీవి కథ. కథ యెట్లున్నను, పేరు చివర దీవి యున్నదని మరువరాదు.

ఇంతవరకు చెప్పినవి అర్థము పైకి తేలుచున్న పేర్లు. చెవికి ఒకటి వినబడి, లోన వేరొకటి యున్న పేర్లును కలవు. గుడివాడ యనగానే గుడియును వాడయును అందుము. కాని తూర్పు చాళుక్యుల తామ్రశాసనములలో గుద్రవార విషయము, గుద్రహార విషయము అను పేర్లు కనబడును. విషయము అనగా ఆనాటి పాలనావిభాగము. అది గుడివాడ ప్రాంతమే యని పండితుల నిర్ణయము. అనగా ఆ పాత పేరు వాడుకలో అరిగి, జనులకు తెలిసిన రెండు మాటల రూపమును ధరించినది. 

మచిలీపట్నమును అట్లే. మచిలీ యనగా హిందీభాషలో చేప. కాని 2వ శతాబ్దివాడైన టాలెమీ ఈ తీరమును మైసోలియా యని వ్రాసెను. చేప పేరు తరువాతి చెవులు కల్పించుకొన్న అర్థము కావచ్చునని తలచువారు కలరు. దాని రెండవ పేరు బందరు మాత్రము స్పష్టము. పారసీకభాషలో బందరు అనగా రేవు. ఇరానుదేశమున బందరు అబ్బాసు కలదు. మనము బందరు లడ్డు తినునపుడు పారసీక నావికుల మాటను కూడ నోట పలుకుచున్నామన్నమాట. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను ఇచ్చట వర్తకశాలలు స్థాపించిరి. తరువాత ఫ్రెంచివారు వచ్చిరి. వారందరును పోయినను పేటలు మిగిలినవి. వలందపాలెము హాలెండువారిది, ఇంగ్లీషుపాలెము ఆంగ్లేయులది. పరాసుపేటలోని పరాసు పరశురాముడు కాడు, ఫ్రాన్సువాడు!

ఘంటసాల మరియు విశేషమైనది. టాలెమీ పేర్కొన్న కంటకోసిల అను వర్తకస్థానమును, ప్రాకృత శాసనములలోని కంటకసోలయును ఇదే యని చరిత్రకారులు చెప్పుదురు. నేడు ఘంటసాలలో నిలుచున్నవానికి సముద్రము కానరాదు. నది తెచ్చిన ఒండ్రు శతాబ్దుల తరబడి పేరుకొని, కడలిని వెనుకకు త్రోసినది. ఓడలు పోయినవి, బౌద్ధస్తూపపు శిథిలములు మిగిలినవి, పేరు రూపు మారి నిలిచినది.

అయితే ఈ పేర్ల విద్య పండితుల వినోదమేనా? కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచినది. పట్టణమునను పరిసరములందును సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమమీద తుపాను పడి, కడలి గోడవలె లేచి ఊళ్లమీదికి వచ్చినది. సుమారు 10,000 మంది మరణించినట్లు అధికారుల లెక్క. అంతకంటె ఎక్కువ యని సీమవారి నమ్మకము. ఆ నాడు తిప్ప యని పేరున్న ఊరును మునిగినది, లంక యని పేరున్న ఊరును మునిగినది. కాబట్టి పేరు మనలను కాపాడునని నేను చెప్పుట లేదు. తిప్ప యను పేరు దినదినపు పోటును చూచి పెట్టినది. నూరేండ్లకు ఒకమారు వచ్చు ఉప్పెనను చూచి కాదు. ఆండీసులోను ఇదే జరిగినది. పల్కాకోచా, అనగా చీలిక సరస్సు, 1941 డిసెంబరు 13న గట్టు తెగి, దిగువనున్న వారాస్ నగరముపై పడినది. పేరు ఆ నీటి ఆకారమును చెప్పినదే గాని, అది వచ్చు గడియను చెప్పలేదు.

కాని మెరకపేరు చేయలేని పనిని పల్లపుపేరు చేయగలదు. దివిసీమలో నాచుగుంట యున్నది. నాచు పట్టిన గుంట యని పేరే చెప్పుచున్నది. ఉప్పునీట పెరుగు మడచెట్ల పేరు గల నేల, గుంట యని పేరున్న చేను, పాత కాలువ పేరు మోయుచున్న డొంక, ఇవన్నియు నీరు మరల ఎచ్చటికి వచ్చునో ముందుగా చెప్పుచున్నవి. నేడు చేలు ఇండ్లస్థలములగుచున్నవి. క్రొత్త పేటకు ఎవరిదో ఒక పేరు చేర్చి నగర్ అందుము. ఆ పేరు గొప్పదే కావచ్చును గాని, దాని క్రింద గుంట యున్నదో గడ్డ యున్నదో చెప్పదు. తొలి వానకు ఇంటిలోనికి నీరు వచ్చినపుడు ముసలివారు, “అది కుంటచేను గదా!” అందురు. ఆ మాట స్థలము కొనక ముందు వినవలసినది.

1977 తరువాత ఈ తీరమున స్తంభములపై తుపాను రక్షణభవనములు కట్టిరి. ఒక విధముగా అవి మన కాలపు తిప్పలు. పూర్వులు ఎత్తైన చోటు వెదకి పేరు పెట్టిరి. మనము ఎత్తును కట్టుకొంటిమి. రెండును కావలసినవే.

శ్రోతలకు నా విన్నపము ఒక్కటి. ఊరిపేరు పటములో నిలుచును. కాని చేనుపేరు, గట్టుపేరు, కుంటపేరు సర్వే నంబరులో కరగిపోవుచున్నవి. మీ ఇంట పెద్దలున్నచో ఒక సాయంకాలము వారి చెంత కూర్చుండి, మీ ఊరి పొలములలో ఒక్కొక్క చోటిని ఏమని పిలిచెడివారో, ఏ యేట నీరు ఎంతవరకు వచ్చెనో అడిగి, పిల్లల నోటుపుస్తకములో వ్రాయించుడు. శాసనములు రాజులు వేయించిరి. ఈ పేర్లు పడవవారును రైతులును వేసిన శాసనములు. వానిని చెక్కుటకు రాయి లేదు. చెప్పువారును వినువారును ఉన్నంతవరకే అవి నిలుచును.