పాడుపడిన గనిలో పనికివచ్చు నీరు

పాడుపడిన బావిని పూడ్చివేయవలెనా, పూడిక తీయించి వాడుకొనవలెనా అను ప్రశ్న పంచాయతీ సమావేశములలో తరచుగ వచ్చుచుండును. ఐరోపాలోని కొన్ని పట్టణములకు ఇదే ప్రశ్న బొగ్గు గనుల విషయమున ఎదురైనది. వారు కనుగొనిన మార్గమును సభ్యులకు తెలుపుటకై మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

గని నడచినంత కాలము అందులో ఊరు నీటిని పంపులు రేయింబవళ్లు తోడివేయుచుండును. గని మూతబడి పంపులు ఆగినపుడు సొరంగములు క్రమముగ నీటితో నిండును. భూమి లోనికి పోయినకొలది, ప్రతి 100 మీటర్లకు సుమారు 3 డిగ్రీల చొప్పున వేడిమి హెచ్చును. అందుచే గనిలోని నీరు పైన మంచు కురిసినను, ఎండ కాసినను ఇంచుమించు ఒకే వెచ్చదనముతో నుండును.

నెదర్లాండ్సు దేశములోని హేర్లెన్ పట్టణమున చివరి గని 1974లో మూతబడినది. తరువాత అచ్చటి పురపాలక సంఘము పూనుకొని, పాత గనుల పటముల సహాయమున నీరు నిండిన సొరంగములకు గురిచేసి బోర్లు వేయించినది. సుమారు 700 మీటర్ల లోతున 28 డిగ్రీల నీరు, 250 మీటర్ల లోతున 16 డిగ్రీల నీరు లభించినది. 2008 నుండి ఆ నీటి మూలమున భవనములకు శీతకాలమున వెచ్చదనము, వేసవిలో చల్లదనము అందుచున్నవి.

28 డిగ్రీల నీటితో చలిదేశపు ఇల్లు ఎట్లు వెచ్చబడునని సభ్యులు ప్రశ్నింపవచ్చును. రిఫ్రిజిరేటరు లోపలి వస్తువుల వేడిని లాగి వెనుకవైపున వదలును గదా! హీట్ పంపు అను యంత్రము అదేవిధముగ గని నీటిలోని వేడిని లాగి, ఇండ్ల గొట్టములలో పారు వేరొక నీటికి చేర్చును. దీనికి కొంత విద్యుత్తు కావలెను. అయినను బొగ్గునో, గ్యాసునో మండించుటకంటె బొగ్గుపులుసు వాయువు తక్కువగ వెలువడును. గని నీరు ఇండ్లలోనికి రాదు. లోహపు పలకల మీదుగ వేడిని మాత్రమిచ్చి తిరిగి గనిలోనికే పోవును. అందులో ఇనుము కలిసియుండును గనుక, గాలి సోకినచో తుప్పురంగు మడ్డి పేరుకొని గొట్టములు పూడిపోవును.

హేర్లెన్ వారు అనుభవము వలన ఒక పాఠము నేర్చుకొనిరి. మొదట వేడిని తీసికొనుటయే గాని తిరిగి నింపుట లేకపోయెను. వాగు చేరని చెరువునకు తూము మాత్రము తెరచియుంచినచో ఏమగునో మనకు తెలియును. అందుచే వారు పద్ధతి మార్చి, వేసవిలో భవనముల నుండి తీసిన వేడిని గనిలో నిలువచేసి, శీతకాలమున తిరిగి తీసికొనసాగిరి.

ఇంగ్లండులోని గేట్స్‌హెడ్‌లో స్థానిక కౌన్సిలు 2023లో ఇట్టి పథకమునే ప్రారంభించినది. అచ్చట సుమారు 150 మీటర్ల లోతున 15 డిగ్రీల నీరు గలదు. కౌన్సిలుకు చెందిన సుమారు 350 ఇండ్లకును, కొన్ని ప్రజాభవనములకును దాని వేడిమి అందుచున్నది.

మన ప్రాంతమున 1889లో ఇల్లందులో గనుల త్రవ్వకము మొదలైనది. గనిని మన బొగ్గుబాయి అని పిలుచుకొను కార్మికుల ఊళ్లలో మూతబడిన గనులు అనేకము గలవు. మనకు ఇండ్లను వెచ్చచేయు అవసరము లేదు. మన భూమియే వెచ్చనిది. కావున ఆ పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుకొనలేము. అయితే చల్లదనమిచ్చు యంత్రము తాను లాగిన వేడిని వేసవి వడగాలిలోనికి వదలుటకంటె, అంతకంటె చల్లని నీటిలోనికి వదలినచో విద్యుత్తు తక్కువ ఖర్చగును. ఏ గని ఇందుకు తగునో నిపుణులు పరీక్షించి తేల్చవలసియుండును.

అంతవరకు పంచాయతీలు చేయదగినది కొంత కలదు. తమ ఊరి క్రింద ఏ గని ఎంతవరకు వ్యాపించినదో తెలుపు పటపు నకలును కోరి పొంది, కార్యాలయములో భద్రపరచవలెను. పాత గని నోళ్లలో చెత్తను, మురుగును పోయనీయరాదు. విషవాయువులుండును గనుక ఎవరినీ దిగనీయరాదు. హేర్లెన్ వారికి దారి చూపినది పాత పటములే. నేడు నిరుపయోగమని తలచినది రేపటి ఉమ్మడి ఆస్తి కావచ్చునని సభ్యులు గుర్తుంచుకొందురుగాక.