చమురు ధర తిరిగొచ్చింది, మనుషులు రాలేదు

మా కల్బా పేరు దుబాయ్‌లో ఉండే తెలుగువాళ్ళలో కూడా చాలామంది విని ఉండరు. షార్జా ఎమిరేట్‌కు చెందినదే అయినా షార్జా నగరానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, కొండల అవతల, ఒమన్ సింధుశాఖ ఒడ్డున ఉంటుంది. పక్కనే ఫుజైరా. ఓడలకు ఇంధనం నింపే పెద్ద కేంద్రాల్లో అదొకటి. అబుదాబి ఎడారిలోని హబ్షాన్ నుంచి రోజుకు 15 లక్షల బ్యారెళ్ళు తేగల పైప్‌లైన్ 2012లో అక్కడిదాకా వచ్చింది. కల్బాలో అద్దెకుంటూ ఫుజైరాలో పనిచేసేవాళ్ళం కొంతమందిమి ఉన్నాం. చమురు ట్యాంకుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ నా పని.

2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ధర సున్నా కన్నా కిందికి, మైనస్ 37.63 డాలర్లకు పడిపోయింది. ఆ జూన్‌లో బీపీ దాదాపు 10,000 ఉద్యోగాలు, సెప్టెంబర్‌లో షెల్ 9,000 వరకు తీసేస్తామని ప్రకటించాయి. అదే ఏడాది నేను పనిచేసే చోట కూడా ఒక జాబితా వచ్చింది. అందులో కంట్రోల్ రూమ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన సీనియర్ ఆపరేటర్ ఒకరున్నారు. కోనసీమ మనిషి. జీతం ఎక్కువ కాబట్టి ఆయన పేరు పైనే ఉంది.

ఆయన వెళ్ళిన కొన్ని వారాలకు ఒక ట్యాంకు దగ్గర రోజూ మధ్యాహ్నం అలారం మోగడం మొదలైంది. మేము సాఫ్ట్‌వేర్‌లో బగ్ అనుకుని మూడు వారాలు కోడ్ అంతా గాలించాం. చివరికి సిగ్గు విడిచి ఆయనకు ఫోన్ చేశాను.

"ఇంకా ఆ ట్యాంకే ఏడిపిస్తోందా బాబూ?" అని నవ్వారు. "గేజ్ బిగించింది పైకప్పుకి కదా. ఎండకి కప్పు కదులుద్ది, రీడింగ్ మారుద్ది. తెల్లారుజామున టేపు వేసి చూడండి, రెండూ సరిపోతాయి."

ఐదు నిమిషాల మాట. మా దగ్గర ఏ కాగితంలోనూ లేదు. నేనున్నన్నాళ్ళూ ఆ అలారం వచ్చినప్పుడల్లా ఆయనే టేపుతో సరిచూసి సర్దేవారని అప్పుడు తెలిసింది.

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. చమురు పరిశ్రమలో ఒక ప్రాజెక్టు పూర్తి కావడానికి ఏళ్ళు పడుతుంది, ధర మాత్రం వారాల్లో మారుతుంది. ధర పడగానే ఖర్చు తగ్గించాలి. రిగ్గులకు, ఓడలకు ఒప్పందాలుంటాయి. అన్నిటికన్నా తేలిగ్గా తెంచగలిగేది నోటీసిచ్చి పంపగల మనిషినే. 2014 జూన్‌లో 115 డాలర్లున్న బ్రెంట్ 2016 జనవరికి 30 కన్నా తక్కువైంది. ఈ మధ్యలో, 2015 జనవరిలో 9,000, ఏప్రిల్‌లో మరో 11,000 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ష్లంబర్జర్ ఒక్కటే ప్రకటించింది. ఇది చూసిన పిల్లలు అమెరికాలో పెట్రోలియం ఇంజనీరింగ్‌లో చేరడమే బాగా తగ్గించేశారు. మిగిలిన జీతాలు లాభంగా లెక్కల్లో కనిపిస్తాయి. పోయిన అనుభవానికి ఆ లెక్కల్లో గడి లేదు.

2022 మార్చిలో బ్రెంట్ ఒక దశలో 130 డాలర్లు దాటింది. మావాళ్ళు ఆయన్ను మళ్ళీ రమ్మన్నారు. అప్పటికి ఆయన రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్నారు. "ఇక్కడా రేటు పడుద్ది, కానీ నన్నెవరూ పొమ్మనరు" అన్నారట. ఆ పనికి కాంట్రాక్టు మీద వచ్చిన ఆయనకు అంతకంటే ఎక్కువే ఇస్తున్నారు. నేర్చుకోవడం మాత్రం మొదటి నుంచే.

ఇక మన సంగతి. ఇక్కడి ప్రైవేటు ఉద్యోగులు మూడు విషయాలు తెలుసుకుని ఉండాలి. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం నోటీసు 30 నుంచి 90 రోజులు. ఏడాది సర్వీసు నిండితే గ్రాట్యుటీ వస్తుంది: మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ పైన 30 రోజులది. అయితే లెక్క బేసిక్ మీదే. మొత్తం జీతం చూసి మురిసిపోకుండా కాంట్రాక్టులో బేసిక్ ఎంతో ఇవాళే చూసుకోండి. మూడోది, 2023 జనవరిలో మొదలైన నిరుద్యోగ బీమా. నెలకు 5 లేదా 10 దిర్హాములు కడితే, ఉద్యోగం పోయినప్పుడు బేసిక్‌లో 60 శాతం, ఒక పరిమితికి లోబడి, మూడు నెలల వరకు ఇస్తారు. కనీసం 12 నెలలు వరుసగా కట్టి ఉండాలి, పోయిన 30 రోజుల్లోపు క్లెయిమ్ చేయాలి. తనంతట తాను రాజీనామా చేస్తే రాదు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. మన పాఠకుల్లో మేనేజర్లు కూడా ఉంటారు. వారికి ఒక మనవి. జాబితా తయారు చేసే ముందు, ఈ మనిషికి మాత్రమే తెలిసినదేమిటని కింది వాళ్ళను ఒక్కసారి అడగండి. ఆ రోజు మమ్మల్ని అడిగి ఉంటే ఆ ట్యాంకు సంగతి చెప్పలేకపోయినా, ఆయన పేరు మాత్రం అందరం చెప్పేవాళ్ళం.