షాంపూ ప్యాకెట్‌ చెప్పే విమాన పాఠం!

షాంపూ ప్యాకెట్‌ చింపేటప్పుడు ఎప్పుడైనా గమనించారా? అంచు నున్నగా ఉంటే ఎంత లాగినా చిరగదు. అదే చిన్న గాటు ఉందనుకోండి.. సర్రున చిరిగిపోతుంది. ఇంట్లో విమానం కట్టుకునేవాళ్లు భయపడేది సరిగ్గా ఈ గాటుకే!

అవును.. ఇంట్లోనే విమానం. అమెరికాలో చాలామందికి ఇదో హాబీ. సగానికి పైగా పని నేర్చుకోవడానికో, సరదాకో సొంతంగా చేసుకున్నామని చూపించి, తనిఖీ దాటితే అక్కడి విమానయాన విభాగం ఎఫ్‌ఏఏ ‘ఎక్స్‌పెరిమెంటల్‌’ సర్టిఫికెట్‌ ఇస్తుంది. 1953లో పుట్టిన ఈఏఏ అనే సంఘం ఏటా ఓష్‌కోష్‌లో జరిపే వేడుకలో ఇలాంటి విమానాలు బారులు తీరతాయి. జెనిత్‌ లాంటి కంపెనీలు కిట్లు అమ్ముతాయి. డ్రాయింగులు మాత్రమే కొని, రేకులు తామే కోసి, మడిచి కట్టినవాళ్లూ ఉన్నారు.

రెక్కకు వెన్నెముక

రెక్క లోపల ఈ చివర నుంచి ఆ చివరకు ఉండే దూలాన్ని స్పార్‌ అంటారు. చాలా మెటల్‌ డిజైన్లలో ఇది నిలువుగా పెట్టిన పలుచని రేకు. దాని పైఅంచుకు, కింది అంచుకు ఎల్‌ యాంగిల్స్‌ రివెట్లతో బిగిస్తారు. మధ్యలో రేకు ముడుచుకుపోకుండా మడత ముక్కలు కొడతారు. ఎగిరేటప్పుడు రెక్క పైకి వంగుతుంది. పై యాంగిల్‌ నలుగుతుంది, కింది యాంగిల్‌ సాగుతుంది. 600 కిలోల విమానం 60 డిగ్రీలు వాలి, ఎత్తు తగ్గకుండా మలుపు తిరిగితే రెక్కలు మోయాల్సిన బరువు 1200 కిలోలు!

మడత దగ్గరే అసలు పని

ఇలాంటి విమానాల్లో కనిపించే ఒక రకం 6061-టీ6. వేడితో గట్టిపరిచిన అల్యూమినియం అది. ‘కాస్త మంట పెడితే ఈజీగా వంగుతుంది కదా’ అనిపిస్తుంది. వంగుతుంది. కానీ పూర్తిగా మెత్తబడితే బలం దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. చూడ్డానికి మాత్రం అదే రేకు! అందుకే చల్లగానే మడవాలి.

మడత కూడా పదునుగా ఉండకూడదు. మరీ ఇరుకుగా వంచితే బయటి వైపు లోహం సాగి, సన్నగా పగులుతుంది. పలుచని రేకుకైతే మడత లోపలి వ్యాసార్థం మందానికి సుమారు మూడు రెట్లు ఉండాలని ఓ మోటు లెక్క. అసలు అంకె డ్రాయింగులో ఉంటుంది. గుండ్రటి అంచున్న చెక్క అచ్చు మీద రేకును బిగించి, మెత్తని సుత్తితో కొంచెం కొంచెంగా వాలుస్తారు. వదిలేయగానే రేకు కాస్త వెనక్కి లేస్తుంది. కాబట్టి అచ్చుకు ముందే కొన్ని డిగ్రీలు ఎక్కువ వాలు ఇస్తారు. మిల్లులో రేకును రోల్‌ చేసిన దిశకు అడ్డంగా మడిస్తే పగిలే భయం తక్కువ.

మార్కింగ్‌కీ జాగ్రత్తే. సూదిమొనతో గీస్తే ఆ గీతే గాటు. పెన్సిల్‌ వాడితే అందులోని గ్రాఫైట్‌, తేమ తగిలినప్పుడు అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకే సన్నటి మార్కర్‌ పెన్ను. కోసిన అంచుల్ని ఆకురాయితో, ఆ తర్వాత సాండ్‌పేపర్‌తో గోరుకు గరుకు తగలనంత వరకు రుద్దాలి. రివెట్‌ రంధ్రం మధ్య బిందువు అంచు నుంచి కనీసం రెండు రివెట్‌ వ్యాసాల దూరంలో ఉండాలి.

ప్యాచ్‌ వేయలేం

మా సాఫ్ట్‌వేర్‌ వాళ్లం బగ్‌ ఉంటే రిలీజ్‌ తర్వాత ప్యాచ్‌ వేస్తాం. స్పార్‌కు ఆ చాన్స్‌ లేదు. పైన రేకు కప్పేశాక పగులు కంటికి కనిపించదు, ఎగిరిన ప్రతిసారీ కాస్త పెరుగుతుంది. అందుకే మూసేయకముందే ఇంకొకరి కన్ను పడాలి. ఈఏఏ టెక్నికల్‌ కౌన్సెలర్లు వలంటీర్లుగా వచ్చి చూసి సలహా ఇస్తారు.

డౌట్‌ వచ్చిన ముక్కను చెత్తబుట్టలో వేస్తే పోయేది కాస్త రేకు, ఒక సాయంత్రం. రేపు అదే రెక్కను నమ్మి కూర్చునేది దాన్ని మడిచిన మనిషే. పక్క సీట్లో ఇంట్లోవాళ్లూ ఉండొచ్చు.